ఎండ్రకాయ నీళ్లు వేరు, మడ పీత నీళ్లు వేరు

నాగార్జున సాగర్ కుడి కాలువ కింద వరి వేసే ఊళ్లలో పొలం గట్లకు ఎండ్రకాయల బొరియలు మామూలే. సాయంత్రం పెట్టిన నీళ్లు తెల్లారేసరికి కింది మడిలోకి జారిపోతే రైతు ముందుగా వెతికేది ఆ బొరియనే. శాస్త్రజ్ఞులు ఈ జీవిని ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ సెనెక్స్ అంటారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో దీని హార్మోన్ల మీద, రక్తం మీద, గుల్ల విడిచే తీరు మీద, పురుగుమందులకు ఇది లోనయ్యే తీరు మీద ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. ఇది పుట్టుక నుంచి చావు దాకా మంచినీటి జీవి. పిల్లలు గుడ్డులోంచి బుల్లి ఎండ్రకాయలుగానే బయటికి వచ్చి, కొన్నాళ్లు తల్లి పొట్ట మడత కిందే ఉంటాయి. సముద్రం మొహం చూడకుండానే వీటి తరాలన్నీ గడిచిపోతాయి.

రంగు చేపల దుకాణాల్లో అప్పుడప్పుడు కనిపించే ఎర్ర డెక్కల చిన్న పీత కథ వేరు. అది మడ అడవుల జీవి. సెసార్మిడ్ కుటుంబానికి చెందిన ఈ పీతలు నదులు సముద్రంలో కలిసేచోట, ఆటుపోట్లకు మునిగి తేలే బురదలో బతుకుతాయి. ఒంటి డెక్క మాత్రమే భారీగా పెరిగే ఫిడ్లర్ పీత కూడా ఆ బురదదే. రెంటినీ 'మంచినీటి పీత' అని చెప్పి గాజు తొట్టిలో చేపల మధ్య వేసి అమ్మడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. అలా కొన్న పీత కొన్ని వారాలో, కొన్ని నెలలో బతికి చచ్చిపోతుంది. పీత ఆయుష్షే అంత అనుకుంటాం. నిజానికి తగిన నీళ్లూ, ఎక్కి కూర్చోవడానికి కాస్త నేలా ఉంటే ఎర్ర డెక్కల పీత రెండు మూడేళ్లు బతుకుతుంది.

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఉండి ఇలాంటి పీతను పెంచాలంటే, బాపట్ల తీరంలో ఉండే ఉప్పుటేరు గట్టును చిన్న ఎత్తున ఇంట్లో కట్టుకోవాలి. సగం నీరు, సగం నేల ఉండే ఇలాంటి గాజు తొట్టిని పాలుడేరియం అంటారు. దాన్ని కట్టేటప్పుడు అందరూ ఉప్పు గురించే ఆలోచిస్తారు. ఉప్పు అవసరమే. అయితే ఉప్పుటేరు పీతకు ఇచ్చే అసలు సౌకర్యం ఎంపిక. ఎండ ఎక్కువైతే నీళ్లలోకి, నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే గట్టు మీదకి, శత్రువు కనిపిస్తే బొరియలోకి అది క్షణంలో మారిపోగలదు. తొట్టిలో ఆ ఎంపికలు ఎన్ని మిగిల్చామన్న దాని మీదే పీత బతుకు ఆధారపడి ఉంటుంది. ఇక్కడ చెప్పే ప్రతి పనీ అందుకోసమే.

ముందు నీళ్ల సంగతి. పొలం ఎండ్రకాయ మంచినీటిలో ఉన్నా దాని రక్తంలో లవణాలు తక్కువేమీ ఉండవు. సముద్రపు నీటి గాఢతలో దాదాపు సగం దాకా ఉంటాయి. చుట్టూ ఉన్న నీరు చప్పగా ఉంటుంది కాబట్టి ఆ లవణాలు రాత్రింబగళ్లు బయటికి జారిపోతూనే ఉంటాయి. మొప్పల్లోని ప్రత్యేక కణాలు పలచటి నీటిలోంచి సోడియాన్ని ఏరి లోపలికి లాగుతూ ఆ నష్టాన్ని పూడుస్తాయి. అందుకు శక్తి ఖర్చవుతుంది. లక్షల ఏళ్లుగా మంచినీటిలో ఉన్న ఎండ్రకాయ శరీరం ఆ ఖర్చుకు అమరిపోయింది. మడ పీతకు కూడా ఆ యంత్రాంగం ఉంది, కానీ వానాకాలం ఏరు పొంగి నీరు పలచబడినప్పుడు గడ్డెక్కేందుకు సరిపోయేంతే. ఏడాది పొడవునా దాన్ని మంచినీటిలో ఉంచితే తిన్న తిండిలోని శక్తి ఉప్పును కాపాడుకోవడానికే పోతుంది. గుల్ల విడిచే రోజు వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎర్ర డెక్కల పీతకు 7 నుంచి 10 గ్రాములు చాలు. రొయ్యల రైతుల మాటల్లో చెబితే సాలినిటీ 7 నుంచి 10 పీపీటీ. రైతులు జేబులో పెట్టుకు తిరిగే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా పనికొస్తుంది. ఒక్క చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే అంకె తెలుస్తుంది. నాలుక మీద వేసుకుని అంచనా కట్టే పద్ధతి పనికిరాదు.

'మా బోరు నీళ్లు ఎలాగూ ఉప్పే కదా, అవే పోస్తే పోలా?' అని పల్నాడులో ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్న. సముద్రపు నీటి లవణాల్లో ఒక కట్టుబడి ఉంది. కిలో నీటిలో క్లోరైడ్ 19 గ్రాముల పైచిలుకు, సోడియం 10.8 గ్రాములు, సల్ఫేట్ 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం 0.4, పొటాషియం 0.4 గ్రాములు. ప్రపంచంలో ఏ సముద్రంలో ముంచినా ఈ పాళ్లు ఇంచుమించు ఇవే. నీరు పలచబడ్డా పాళ్లు మారవు. పీత మొప్పలు, నరాలు, కండరాలు ఈ పాళ్లకే అలవాటుపడ్డాయి. బోరు నీటి ఉప్పదనం మాత్రం అది ఇంకిన రాతిని బట్టి ఉంటుంది. కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువుండి పొటాషియం బాగా తక్కువగా ఉండవచ్చు. సముద్రానికి దూరంగా ఉప్పు బోర్ల మీద వనామీ రొయ్యలు పెంచే రైతులు పొటాషియం, మెగ్నీషియం బస్తాలు కొని చెరువులో కలపడానికి కారణం ఇదే. సాలినిటీ మీటరులో అంకె సరిపోయినా పొటాషియం లేకపోతే రొయ్య చచ్చిపోతుంది.

కల్లుప్పు సంగతి ఇంకా ఆసక్తికరం. చినగంజాం ఉప్పుకొటార్లలో ఆరబెట్టేది సముద్రపు నీటినే కాబట్టి ఆ ఉప్పును తిరిగి నీళ్లలో కలిపితే సముద్రం వస్తుందని అనిపిస్తుంది. రాదు. మడిలో నీరు ఇగురుతున్నకొద్దీ లవణాలన్నీ ఒక్కసారిగా గడ్డకట్టవు. మొదట కాల్షియం కార్బొనేట్ కిందికి దిగుతుంది. తర్వాత జిప్సం. నీరు అసలు పరిమాణంలో పదో వంతుకు తగ్గాక గానీ సోడియం క్లోరైడ్ పలుకులు కట్టదు. మెగ్నీషియం, పొటాషియం అప్పటికీ అడుగున మిగిలిన చేదు నీటిలోనే ఉండిపోతాయి. ఉప్పు గీసుకున్నాక ఆ నీటిని వదిలేస్తారు. అంటే మన చేతికొచ్చే కల్లుప్పు సముద్రంలోంచి ఏరి తీసిన ఒక భాగం మాత్రమే. ప్యాకెట్ ఉప్పులో అయితే అయోడిన్, ఉప్పు గడ్డకట్టకుండా వేసే పొడి కూడా కలుస్తాయి.

సరైన పాళ్లున్న నీటికి రెండు దారులున్నాయి. అక్వేరియం దుకాణాల్లో సముద్రపు చేపల కోసం అమ్మే మెరైన్ సాల్ట్ కొనడం ఒకటి. అందులో పై పాళ్లన్నీ అమర్చే ఉంటాయి. సూర్యలంక సముద్ర తీరానికి వెళ్లినప్పుడు క్యాన్లలో సముద్రపు నీళ్లే తెచ్చుకోవడం రెండోది. లీటరుకు 35 గ్రాములున్న నీరు 9 లీటర్లు, మంచినీరు 31 లీటర్లు కలిపితే లీటరుకు దాదాపు 8 గ్రాముల చొప్పున 40 లీటర్ల నీరు తయారవుతుంది. వానాకాలం చివర కృష్ణ, గోదావరి నీరంతా బంగాళాఖాతంలో పడి తీరం దగ్గర ఉప్పదనం 30 లోపుకు దిగిపోతుంది కాబట్టి, కొలిచాకే కలపాలి. ఇంటి కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ వేయాలి.

నేల కట్టడం మొదలుపెడితే పల్నాడు మంచి చోటు. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. ఇళ్లకు పరిచే నాపరాయి ముక్కలు గట్లకు, మెట్లకు, గుహలకు బాగా పనికొస్తాయి. రాయిలోని కాల్షియం కార్బొనేట్ నిదానంగా కరుగుతూ నీటి పీహెచ్‌ను 8 దగ్గర నిలబెడుతుంది. మడ నీటికి కావలసిందీ అంతే. పీత గుల్లకు కావలసిన కాల్షియం కూడా ఇదే రాతిలో ఉంది. నాపరాయి బరువును తక్కువగా అంచనా వేయకూడదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న పలక దాదాపు ఐదు కిలోలు తూగుతుంది. అందుకని గాజు అడుగున థర్మాకోల్ షీటు వేసి, పలకలను ఫంగస్ మందు కలపని అక్వేరియం సిలికాన్‌తో అతికించి, అవి కదలవని చేత్తో నొక్కి చూసుకోవాలి. పీత రాయి కింద తవ్వుతుంది. కదిలే రాయి దాని మీదే కూలుతుంది.

పిడుగురాళ్ల బట్టీ సున్నాన్ని మాత్రం తొట్టి దగ్గరికి రానివ్వొద్దు. రాయి బట్టీలో 900 డిగ్రీల వేడికి కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. అది నీళ్లు తగిలితే తడిసున్నం అవుతుంది. సున్నపు తేట పీహెచ్ 12 దాటుతుంది. ఆ నీళ్లలో పీత మొప్పలు కాలిపోతాయి. పచ్చి రాయి మందు, కాలిన రాయి విషం.

తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే ఒక పీతకు సుఖంగా సరిపోతుంది. అందులో మూడో వంతు నేల వదిలి, మిగతాచోట ఒక జానెడు లోపు లోతుకు నీరు పెడితే సుమారు 40 లీటర్లు పడతాయి. నేల భాగంలో బాగా కడిగిన కృష్ణ ఇసుక అరడుగు మందాన ఉండాలి. ఆ ఇసుకను కూడా ఉప్పు కలిపిన నీటితోనే తడపాలి. పీత బొరియ తవ్వి అడుగుకు చేరినప్పుడు అక్కడ ఊరే నీరు కూడా ఏటి నీరులాగే ఉండాలి. నీటిలోంచి నేల మీదికి ఏటవాలు దారి తప్పనిసరి. నిట్టనిలువు గట్టు పెట్టి పీత ఎక్కలేకపోతే మనం కట్టిన నేల దానికి లేనట్టే.

సెసార్మిడ్ పీత నేల మీద ఊపిరి పీల్చుకునే పద్ధతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. మొప్పల గదిలో కాస్త నీరు నింపుకుని అది గట్టెక్కుతుంది. ఆ నీటిలో ప్రాణవాయువు అయిపోగానే నోటి పక్కనున్న రంధ్రాల్లోంచి బయటికి వదులుతుంది. నీరు చెంపల మీద వరుసగా ఉన్న సన్నటి నూగు గుండా పలచటి పొరగా పారి, గాలి తగిలి, మళ్లీ కాళ్ల మొదట్లోంచి లోపలికి చేరుతుంది. అదే నీటిని మళ్లీ మళ్లీ గాలికి ఆరబెట్టి వాడుకుంటుందన్నమాట. చుట్టూ గాలి పొడిగా ఉంటే ఆ పొర ఎండిపోయి పీత ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకే తొట్టి మీద మూత ఉండాలి, మూతకు చిన్న చిన్న గాలి రంధ్రాలు ఉండాలి. మూత అవసరానికి ఇంకో కారణం కూడా ఉంది. గాలి పైపు పట్టుకుని, సిలికాన్ అతుకు పట్టుకుని ఈ పీతలు పైకి పాకి పోతాయి.

తొట్టి సిద్ధమైన రోజే పీతను తేకూడదు. మలంలోంచి, మిగిలిన తిండిలోంచి పుట్టే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇసుకలో, ఫిల్టరులో స్థిరపడాలి. అనుకున్న ఉప్పదనంలోనే నాలుగు నుంచి ఆరు వారాలు ఫిల్టరు తిప్పితే ఆ పని జరుగుతుంది. మన రాతి నీళ్లకు ఈ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం కంటే తక్కువ. పీహెచ్ 8కి చేరితే అది సుమారు 5 శాతం. 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ.

వేడి అంటే పల్నాడులో రెంటచింతల గుర్తుకు రావాల్సిందే. రాష్ట్రంలో ఎండలు ముదిరాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ వినిపించే పేరు అది. 45 డిగ్రీల మధ్యాహ్నాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మడ పీత వేడి దేశపు జీవే, 26 నుంచి 28 డిగ్రీల నీరు దానికి హాయి. కానీ ఏటి గట్టు మీద దానికి మూరెడు లోతు చల్లటి బొరియ ఉంటుంది. గాజు తొట్టి మొత్తం ఒక్కసారే వేడెక్కుతుంది. నీరు 25 నుంచి 35 డిగ్రీలకు వేడెక్కితే లీటరులో కరిగే ప్రాణవాయువు 8.3 మిల్లీగ్రాముల నుంచి 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో పీతకు అవసరం పెరుగుతుంది. తొట్టిని పడమటి గోడకు దూరంగా, ఇంట్లో చల్లటి మూల పెట్టాలి. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉండాలి.

ఆవిరితో వచ్చే చిక్కు ఒకటుంది. నీరు పోతుంది గానీ ఉప్పు పోదు. లీటరుకు 8 గ్రాముల చొప్పున 40 లీటర్లలో 320 గ్రాముల లవణాలున్నాయి. మే నెలలో నీరు 32 లీటర్లకు తగ్గితే గాఢత 10 గ్రాములకు చేరుతుంది. తగ్గిన నీటి స్థానంలో మళ్లీ ఉప్పునీరే పోస్తే నెల తిరిగేసరికి అంకె ఇంకా పైకి పోతుంది. కాబట్టి ఆవిరైన దానికి మంచినీరే పోయాలి. బోరు నీటిలోని ఖనిజాలు పోగుపడతాయి కాబట్టి ఇంటికి తెచ్చుకునే ఆర్వో క్యాన్ నీళ్లు ఇందుకు మేలు. మురికి తీసి నీరు మార్చేటప్పుడు మాత్రమే ఉప్పు కలిపిన నీరు పోయాలి. గాజు మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి, రోజూ దాని దాకా నింపితే లెక్క తప్పదు.

ఇక గుల్ల విడవడం. పీత పెంపకంలో అన్నిటికంటే పెద్ద ఘట్టం ఇదే. ఎముకలు బయట ఉన్న జీవి పెరగాలంటే పాత గుల్లను వదలక తప్పదు. కంటి కాడల్లో ఉండే ఒక గ్రంథి గుల్ల విడవకుండా ఆపే హార్మోన్‌ను విడుస్తూ ఉంటుంది. అది తగ్గినప్పుడు తలలోని మరో గ్రంథి ఎక్డైసోన్ కుటుంబపు హార్మోన్లను వదులుతుంది. కంటి కాడ తీసేస్తే గుల్ల విడవడం ముందుకు జరుగుతుందని పొలం ఎండ్రకాయల మీద తిరుపతిలో చేసిన ప్రయోగాలు కూడా చూపాయి. సమయం దగ్గరపడగానే పీత పాత గుల్లలోని కాల్షియంలో కొంత భాగాన్ని రక్తంలోకి లాక్కుంటుంది, తిండి మానేస్తుంది, రంగు వెలిసిపోతుంది. తర్వాత నీరు పీల్చి ఉబ్బుతుంది. గుల్ల వెనక భాగంలో చీలుతుంది. ఆ చీలికలోంచి పీత వెనక్కి నడుస్తూ బయటికి వస్తుంది. కాళ్ల, మొప్పల, కళ్ల మీది పొరలు, పొట్ట లోపలి పళ్ల పొర సహా అన్నీ పాత గుల్లతోనే వచ్చేస్తాయి. తెగిపోయిన కాలు కూడా ఇలా గుల్ల విడిచినప్పుడే కొంచెం కొంచెంగా తిరిగి మొలుస్తుంది.

బయటికి వచ్చిన పీత మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది. తొట్టిలో ఇంకో పీత ఉంటే అది తినేస్తుంది. అందుకే ఒంటరిగా పెంచాలి, లేదా తలకో గుహ ఉండాలి. విడిచిన గుల్లను చచ్చిన పీత అనుకుని తీసి పారేసేవాళ్లు చాలామంది. దాన్ని అక్కడే ఉంచాలి. పీత నాలుగైదు రోజుల్లో దాన్నే కొరికి తిని, పోయిన కాల్షియాన్ని తిరిగి రాబట్టుకుంటుంది. ఆ రోజుల్లో నీరు మార్చడం, రాళ్లు కదపడం, పీతను చేతిలోకి తీసుకోవడం అన్నీ ఆపేయాలి.

పల్నాడులో ఈ పీతకు పొంచి ఉన్న ముప్పు ఉప్పూ ఎండా కంటే పురుగుమందే. మిర్చి, పత్తి మీద కొట్టే సింథటిక్ పైరిత్రాయిడ్లు, ఆర్గానోఫాస్ఫరస్ మందులు పురుగుల నరాల మీద పనిచేస్తాయి. పురుగూ పీతా ఒకే పెద్ద వర్గంలోని కీళ్లకాళ్ల జీవులు. వాటి నరాలు పనిచేసే తీరు ఇంచుమించు ఒకటే. మందు కొట్టిన చేత్తో తొట్టి ముట్టుకోకూడదు. చేను పక్క చెట్టు ఆకు వేయకూడదు. పడకగదిలో రాత్రంతా వెలిగే దోమల ద్రావణంలోని ట్రాన్స్‌ఫ్లూత్రిన్ కూడా పైరిత్రాయిడే, కాబట్టి తొట్టి ఉన్న గదిలో దోమతెర కట్టుకోవడమే దారి. చేపల తెల్లమచ్చ జబ్బుకు వాడే కొన్ని మందుల్లో మైలుతుత్తం ఉంటుంది. పీత రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోసయనిన్‌లో ఉండేది రాగే అయినా, నీటిలో విడిగా కలిసిన రాగి దాని మొప్పలను దెబ్బతీస్తుంది.

తిండికి ఖర్చు లేదు. సెసార్మిడ్ పీతలు మడ అడవిలో రాలిన ఆకులను బొరియల్లోకి ఈడ్చుకుపోయి తింటాయి. ఆ ఆకులు బురదలో కలిసి అడవికి ఎరువవడంలో వీటిదే పెద్ద చేయి. ఇంట్లో ఎండిన బాదం ఆకులు, ఉడికించిన తోటకూర, వారానికి ఒకటి రెండుసార్లు చిన్న రొయ్య ముక్క ఇస్తే చాలు. నేల భాగంలో పచ్చదనం కావాలంటే ఉప్పు నేలల్లో పెరిగే ఇలకూర నాటవచ్చు. మడ మొక్కలను మాత్రం పీకి తేవద్దు. పగలు పన్నెండు గంటల వెలుతురు, రాత్రి చీకటి ఇవ్వాలి. 1948లో అమెరికాలో ఫ్రాంక్ బ్రౌన్, మార్గరీట్ వెబ్ ఫిడ్లర్ పీతలను పూర్తి చీకటిలో ఉంచి చూశారు. అయినా పగటివేళ ఒళ్లు నల్లబడటం, రాత్రి వెలిసిపోవడం ఆగలేదు. గడియారం పీత ఒంట్లోనే ఉంది. మనం దాన్ని గందరగోళపరచకపోతే చాలు.

ఇన్ని అమర్చినా ఈ తొట్టిలో జరగని పని ఒకటుంది. ఆడపీత గుడ్లు మోస్తుంది, పొదుగుతుంది కూడా. కానీ గుడ్డులోంచి వచ్చేవి పీత పిల్లలు కావు. జోయియా అనే కంటికి కనిపించీ కనిపించని డింభకాలు. ఆటు వేళ ఏటి నీరు వాటిని సముద్రంలోకి తీసుకుపోవాలి. అక్కడ అవి సూక్ష్మజీవులను తింటూ, దశలు మారుతూ, మెగలోపా రూపంలో తిరిగి ఏటి ముఖానికి చేరాలి. హేచరీల్లో తినడానికి పెంచే మండపీత పిల్లలను తీయడానికి కూడా దాదాపు పూర్తి సముద్రపు నీటిలోనే ఐదు జోయియా దశలు దాటించాలి. 8 పీపీటీ తొట్టిలో పొదిగిన డింభకాలు కొద్ది రోజుల్లోనే పోతాయి. కాబట్టి దుకాణంలో దొరికే దాదాపు ప్రతి మడ పీతా ఏదో ఒక ఏటి బురదలోంచి పట్టి తెచ్చిందే. ఇంటి తొట్టిలో పుట్టిన పీత దొరకడం అరుదు.

ఈ ఒక్క కారణానికే, పెంచే అనుభవం కావాలనుకునే వాళ్లకు నేను ముందు పొలం ఎండ్రకాయనే సూచిస్తాను. మందు కొట్టని మడి నుంచి ఒక్కదాన్ని తెచ్చి, ఇదే నాపరాయి గట్టు, ఇదే తడి ఇసుక, ఉప్పు లేని నీరు ఇస్తే సరిపోతుంది. గుల్ల విడవడం, బొరియ తవ్వడం, గుడ్లతో ఉన్నది దొరికితే తల్లి పొట్ట కింద పిల్లలు కదలడం అన్నీ చూడవచ్చు. చూశాక తెచ్చిన మడిలోనే వదలవచ్చు. మడ పీతను అలా వదలడానికి వీల్లేదు. ఎక్కడో ఏటి బురదలో పట్టిన పీతను సాగర్ కాలువలో వేస్తే అదైనా చస్తుంది, లేదా దానితో వచ్చిన జబ్బు మన ఎండ్రకాయలకు అంటవచ్చు. కృష్ణ మొగ దగ్గరి మడ అడవుల్లో ఎక్కువ భాగం కృష్ణా అభయారణ్యంలోకి వస్తుంది, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏ జీవినీ పట్టి తీసుకురాకూడదు. దుకాణంలో ఇప్పటికే గాజు తొట్టిలో ఉన్న ఒక ఎర్ర డెక్కల పీతను తెచ్చుకున్నవాళ్లు మాత్రం దాని ఆయుష్షు తీరేదాకా, ఉప్పు లీటరుకు 7 గ్రాముల కంటే తగ్గకుండా, గట్టు ఎండిపోకుండా చూసుకునే బాధ్యత తీసుకోవాలి.